ఇంగ్లీషు వ్యాకరణ పరిభాష: పుట్టుపూర్వోత్తరాలు

ఇంగ్లీషు చదవబోయే విద్యార్థికి మొట్టమొదట ఎదురయేది ఇంగ్లీషు భాష కాదు. ఇంగ్లీషు భాషను గురించిన మాటలు. నౌను, ప్రొనౌను, వెర్బు, ఆడ్వెర్బు, ప్రిపొజిషను, కంజంక్షను - ఇవి వ్యాకరణం గంటలో. పద్యం గంటలో సిమిలీ, మెటఫర్, ఐరనీ, అయాంబిక్ పెంటామీటరు. వీటికి నిర్వచనాలు కంఠస్థం చేస్తాడు, పరీక్షలో రాస్తాడు, మరచిపోతాడు. ఈ పేర్లు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎవరి అవసరం కోసం పెట్టారు అన్న ప్రశ్న బడిలోగాని కాలేజీలోగాని రాదు. పేర్లన్నీ ఆకాశంనుంచి ఊడిపడినట్లే పాఠం సాగిపోతుంది.

తెలుగు బోధించేవాడికి ఇంగ్లీషు వ్యాకరణంతో ఏం పని అని మిత్రులు కొందరడగవచ్చు. పని ఉన్నది. మా తరగతుల్లో కూచునే పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవారు. వాళ్ళు నా గంటలో 'విశేషణం' అన్నదాన్నే తరవాతి గంటలో 'అడ్జెక్టివు' అంటారు. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ కలవవో వాళ్ళకు చెప్పేవారు లేరు. చెప్పకపోవటంవల్ల నష్టపోయేది వాళ్ళే. ఇంట్లో ఇంగ్లీషు వినిపించే పిల్లవాడు పరిభాష రాకపోయినా గట్టెక్కుతాడు. వినిపించని పిల్లవాడికి ఆ పరిభాషే దారి, ఆ పరిభాషే అడ్డుగోడ.

ఇంగ్లీషులో 'గ్లామర్' అనే మాట ఉంది. సినిమా పత్రికల ధర్మమా అని తెలుగువారికి బాగా తెలిసిన మాటే. దీని పుట్టుక మాత్రం వ్యాకరణంలో ఉంది. 'గ్రామర్' అనే మాటను స్కాట్లండు జనం పలికిన రూపమే 'గ్లామర్'. మధ్యయుగాల్లో గ్రామర్ అంటే లాటిను చదువు. చదువు రాని జనం దృష్టిలో లాటిను పుస్తకం పట్టుకున్నవాడు ఏవో మంత్రాలు తెలిసినవాడు. అందువల్ల గ్రామర్ అనే మాట ఒక రూపంలో మంత్రశక్తి అనే అర్థంలో స్థిరపడింది. ఆ తరవాత చాలా కాలానికి ఆకర్షణ అనే అర్థం వచ్చింది. జనం చేసిన ఈ అర్థపరిణామంలో పెద్ద సత్యం ఇమిడి ఉన్నదని నా నమ్మకం. చరిత్ర తెలియని పరిభాష మంత్రమవుతుంది. మంత్రం ఎప్పుడూ కొద్దిమంది చేతిలోనే ఉంటుంది.

ఇంతకూ ఈ పేర్లకు మూలం గ్రీకు. క్రీ. పూ. 100 ప్రాంతంలో డయొనీసియస్ త్రాక్స్ పేరుమీద వెలిసిన చిన్న వ్యాకరణ గ్రంథం భాషాభాగాలను 8గా లెక్క కట్టింది. ఆనాటి వ్యాకర్తల ముందున్న పని ఏమిటి? హోమరు కావ్యాల భాష అప్పటికే పాతబడింది. చదివేవారికి అర్థం కావటం లేదు. పాత కావ్యాలను సరిగా చదివించటానికి, పాఠాలను పరిష్కరించటానికి పనిముట్లు కావలసివచ్చాయి. ఆ పనిముట్లే ఈ సంజ్ఞలు. అంటే వ్యాకరణ పరిభాష పుట్టింది పరీక్షలకోసం కాదు, చదవటంకోసం.

గ్రీకులనుంచి వీటిని రోమనులు తీసుకున్నారు. తీసుకునేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. గ్రీకులో ఆర్టికిల్ ఉంది, లాటినులో లేదు. మరి 8లో ఒకటి తగ్గాలి గదా! తగ్గలేదు. లాటిను వ్యాకర్తలు ఆర్టికిల్ తీసేసి, దాని స్థానంలో ఆశ్చర్యార్థకాలను ఇంటర్జెక్షన్ అనే పేరుతో ఒక వర్గంగా నిలబెట్టి, 8 అనే లెక్కను కాపాడారు. భాషకంటె లెక్క పవిత్రమైపోవటం ఇక్కడే మొదలయింది. మరో విచిత్రం చూడండి. మనం ద్వితీయా విభక్తి అనేదాన్ని లాటినులో 'అక్యుజేటివ్' అన్నారు. అంటే నేరం మోపే విభక్తి! కర్మకూ నేరానికీ సంబంధమేమిటి? గ్రీకులో ఆ విభక్తి పేరుకు కార్యకారణ సంబంధమైన అర్థం ఉంది. అదే ధాతువుకు నిందించటమనే అర్థం కూడ ఉంది. అనువదించినవారు రెండో అర్థం పట్టుకున్నారు. ఆ పొరపాటు అనువాదాన్ని 2000 ఏళ్ళుగా యూరపు పిల్లలు వల్లె వేస్తున్నారు. 4వ శతాబ్దంలో రోములో డొనాటస్ రాసిన చిన్న వ్యాకరణం, 500 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపిల్‌లో ప్రిషియన్ రాసిన 18 భాగాల పెద్ద వ్యాకరణం ఈ పరిభాషను మధ్యయుగాల యూరపు అంతటికీ పంచిపెట్టాయి.

ఇంగ్లీషుకు తన సొంత వ్యాకరణ పరిభాష ఏనాడూ లేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. క్రీ. శ. 1000 ప్రాంతంలో ఏల్ఫ్రిక్ అనే క్రైస్తవ సన్యాసి లాటిను వ్యాకరణాన్ని ఆనాటి ఇంగ్లీషులో పిల్లలకోసం రాశాడు. లాటిను సంజ్ఞలకు ఇంగ్లీషు పేర్లు కల్పించాడు. నౌనుకు అతడు పెట్టిన పేరు 'నామ'. మనం నామవాచకమనే మాటలోని 'నామ'కు ఇది దాయాది. సంస్కృత నామం, లాటిను నోమెన్, గ్రీకు ఒనొమ, ఇంగ్లీషు నేమ్ - అన్నిటికీ ధాతువొక్కటే. ప్రొనౌనును అతడు పేరుకు బదులు నిలిచేదన్నాడు. ఆడ్వెర్బును క్రియకు తోడు నడిచేదన్నాడు. ఇంటర్జెక్షను మధ్యలో విసరబడ్డది. ఎంత తేటగా ఉన్నాయో చూడండి! పేరు వినగానే పని తెలుస్తుంది. పల్లెనుంచి వచ్చిన పిల్లవాడికి వీటికి నిర్వచనం వేరే అక్కరలేదు.

మరి ఈ పేర్లు ఏమైనాయి? 1066లో నార్మనులు ఇంగ్లండును జయించారు. పాలకుల భాష ఫ్రెంచి, మఠాల భాష లాటిను. ఇంగ్లీషు పొలాల్లోనూ వంటిళ్ళలోనూ మిగిలింది. దొరల భాషగా లేని భాషలో శాస్త్రం పెరగదు. ఏల్ఫ్రిక్ పేర్లు అతని రాతప్రతులలోనే మిగిలిపోయినాయి. ఇంగ్లీషు తిరిగి బడిలో అడుగుపెట్టేనాటికి లాటిను పేర్లు గద్దె ఎక్కి కూచున్నాయి. ఒక భాష తన మాటలను కోల్పోవటం ఆ భాష చేతకానితనంవల్ల కాదు. ఆ భాష మాట్లాడేవారి ఓటమివల్ల. ఇంగ్లీషు ఇతర భాషలకు చేసిన అన్యాయాన్ని చెప్పుకునేటప్పుడు, ఒకనాడు ఇంగ్లీషుకు కూడ అదే జరిగిందని గుర్తుంచుకోవటం మంచిది.

16వ శతాబ్దంలో మళ్ళీ కొందరు తలెత్తారు. ర్యాల్ఫ్ లీవర్ 1573లో తర్కశాస్త్రం ఇంగ్లీషులో రాస్తూ, తర్కానికే 'విట్‌క్రాఫ్ట్' అని పేరు పెట్టాడు. డెఫినిషన్‌ను 'సే-వాట్' అన్నాడు. కన్‌క్లూజన్‌ను 'ఎండ్-సే' అన్నాడు. 1589లో అచ్చయిన, జార్జి పటెన్‌హామ్ రాశాడనుకొనే అలంకారగ్రంథం గ్రీకు అలంకారాలకు ఇంగ్లీషు పేర్లు పెట్టింది. ఐరనీ అందులో 'డ్రై మాక్' - పొడి వెక్కిరింత. హైపర్బొలీకి ఒక పేరు 'ఓవర్ రీచర్', ఇంకొక పేరు గట్టిగా అబద్ధమాడేవాడు. ఈనాడు వింటే నవ్వు వస్తుంది. అయితే నవ్వు ఎందుకు వస్తుంది? మాటలు చెడ్డవి కావు, అలవాటు లేనివి. అలవాటు చేసే బళ్ళు లాటిను చేతిలో ఉన్నాయి. 1586లో విలియం బులొకార్ ఇంగ్లీషుకు ఇంగ్లీషులో మొదటి వ్యాకరణం అచ్చు వేశాడు. ఆ గ్రంథం కూడ, ఎనిమిదో హెన్రీ కాలంనుంచి రాజాజ్ఞతో బళ్ళలో నడిచిన విలియం లిలీ లాటిను వ్యాకరణం అడుగుజాడల్లోనే నడిచింది. షేక్‌స్పియర్ చదివింది ఆ లిలీ వ్యాకరణమే. తన విండ్సర్ నాటకంలో విలియం అనే కుర్రవాడికి లాటిను విభక్తులు వల్లె వేయించే రంగం పెట్టి ఆ చదువును చక్కగా వెక్కిరించాడు.

ఇక్కడ ఒక సంగతి న్యాయంగా చెప్పాలి. లాటిను పేర్లు నిలవటం కేవలం కుట్ర కాదు. ఆనాటి యూరపులో ఒక దేశం పండితుడు ఇంకొక దేశం పండితుడితో మాట్లాడగలిగింది ఆ పేర్ల సహాయంతోనే. ఉమ్మడి పరిభాషకు ఉమ్మడి ప్రయోజనం ఉంటుంది. చిక్కల్లా పేర్లతోపాటు లాటిను నియమాలు కూడ ఇంగ్లీషుమీద ఎక్కి కూచోవటంలో ఉంది. వాక్యం చివర ప్రిపొజిషను రాకూడదని 1672లో డ్రైడెన్ ఆక్షేపించాడు. లాటినులో ప్రిపొజిషను అలా విడిగా వెనక మిగలదు గనక ఇంగ్లీషులోనూ మిగలరాదు! కాని ఇంగ్లీషువాడు నోటితో మాట్లాడేటప్పుడు నిత్యం అలాగే మాట్లాడతాడు.

18వ శతాబ్దంలో ఇంగ్లండులో కొత్త మధ్యతరగతి లేచింది. వ్యాపారంలో డబ్బు వచ్చింది; డబ్బుకు తగిన మర్యాద కావలసివచ్చింది. మర్యాదకు గుర్తు భాష. జోసెఫ్ ప్రీస్ట్లీ 1761లో వ్యాకరణం రాస్తూ వాడుకే ప్రమాణమనే వైపు మొగ్గాడు. మరుసటి ఏడు, 1762లో, రాబర్ట్ లౌత్ రాసిన వ్యాకరణం వచ్చింది. లౌత్ తరవాత లండను బిషప్పు అయినాడు. మహాకవుల వాక్యాల్లో కూడ తప్పులెన్నటం ఆయన పద్ధతి. గెలిచింది లౌత్ మార్గమే. రెండు వ్యతిరేకాలు కలిస్తే అనుకూలార్థమవుతుందనే సూత్రం ఆయన వ్యాకరణంద్వారా బళ్ళలో వ్యాపించింది. చాసర్ నుంచి షేక్‌స్పియర్ వరకు కవులు రెండు వ్యతిరేకాలను ఒకే వాక్యంలో వాడారు. కూలిజనం ఈనాటికీ వాడుతున్నారు. ఒకనాటి కవి ప్రయోగం ఈ సూత్రంతో మొరటు మాట అయిపోయింది. 1795లో లిండ్లీ మరే అనే అమెరికను, యార్క్‌లో స్థిరపడి, అక్కడి బాలికల బడికోసం రాసిన వ్యాకరణం లౌత్ సూత్రాలను లక్షలాది పిల్లలకు అందించింది.

ఈ మర్యాద భాష రాజకీయాల్లో ఏ పని చేసిందో చూడండి. 1793లో నాటింగ్‌హామ్ ప్రజలు పార్లమెంటు సంస్కరణ కోరుతూ అర్జీ పంపితే, అర్జీలోని భాష సభా గౌరవానికి తగినట్లు లేదని కామన్స్ సభ దాన్ని తోసిపుచ్చింది. కోరిక న్యాయమా, అన్యాయమా అనే చర్చే అక్కరలేకపోయింది. భాష తలుపు దగ్గరే అర్జీని ఆపివేసింది.

ఈ తలుపు గురించి బాగా తెలిసినవాడు విలియం కాబెట్. పొలం దున్నే కుర్రవాడిగా బతుకు మొదలుపెట్టి, సిపాయిగా చేరి, లౌత్ వ్యాకరణాన్ని చేత్తో ఎత్తి రాసుకొని, కాపలా కాసే గంటల్లో వల్లె వేసి నేర్చుకున్నవాడు. 1818లో, అమెరికాలో ఉన్నప్పుడు, తన కొడుక్కు ఉత్తరాల రూపంలో ఒక వ్యాకరణం రాశాడు. అది ఎవరికోసమో పుస్తకం ముఖపత్రంమీదే చెప్పాడు: సిపాయిలు, నావికులు, పనినేర్చుకునే కుర్రాళ్ళు, పొలం దున్నే పిల్లలు. తప్పు వాక్యాలకు ఉదాహరణలు ఎక్కడినుంచి తెచ్చాడనుకున్నారు? రాజుగారి ఉపన్యాసాలనుంచి, మంత్రుల రాతలనుంచి! మీ భాష బాగా లేదని ప్రజల అర్జీలు తోసిపుచ్చినవారి భాష ఏపాటిదో దున్నే కుర్రవాడి చేత పరీక్ష చేయించాడు. వ్యాకరణాన్ని కాబెట్ తిరస్కరించలేదు. తలుపు తాళంచెవిని లోపలివాళ్ళ చేతిలోంచి తీసి బయటివాళ్ళ చేతిలో పెట్టాడు. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచే ఘట్టం ఇదే.

మన దేశానికి వచ్చింది కాబెట్ మార్గం కాదు. 1835లో మెకాలే మాట నెగ్గిన తరవాత ఇంగ్లీషు ఉద్యోగాల భాష అయింది. ఉత్తరాదిలో విద్యాశాఖాధికారిగా పనిచేసిన నెస్‌ఫీల్డ్ రాసిన వ్యాకరణాలు 19వ శతాబ్దం చివరి దశకంనుంచీ, రెన్, మార్టిన్‌ల వ్యాకరణం 1930లనుంచీ మన పిల్లలకు వేదాలయినాయి. వాటిలో క్రమం ఉంది, అభ్యాసాలున్నాయి. పరిభాష ఎక్కడిదన్న వివరణ మాత్రం లేదు. నిర్వచనం, ఉదాహరణ, అభ్యాసం; మళ్ళీ నిర్వచనం.

తెలుగుకు కూడ ఇదే కాలంలో రెండు చట్రాలు తగులుకున్నాయి. కేరీ 1814లోను, కాంబెల్ 1816లోను, బ్రౌన్ 1840లోను ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణాలు రాశారు. లాటినునుంచి ఇంగ్లీషుకు వచ్చిన పేర్లే తెలుగుకూ తొడిగారు. ఇటు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణం సంస్కృత మర్యాదలో సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలవుతుంది. అందులో 10 పరిచ్ఛేదాలున్నాయి. భాషాభాగాల పరిచ్ఛేదమంటూ వేరే లేదు. నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని ఈనాడు మనం బడిలో చెప్పే అయిదింటి పట్టిక, పేర్లు సంస్కృతమయినా, అమరికలో ఇంగ్లీషు బడి ముద్ర మోస్తున్నదని నా అభిప్రాయం. ఇంగ్లీషుకు లాటిను ఎలాగో, తెలుగుకు సంస్కృతం అలాగ. తన కొలతలకు కుట్టని చొక్కా తొడుక్కున్న కష్టం రెండు భాషలకూ ఉంది. ఈ సమానకష్టాన్ని గుర్తిస్తే మన విద్యార్థికి ఇంగ్లీషు పరిభాష సగం భయం పోతుంది.

మిగిలిన సగం భయం పోగొట్టటానికి తెలుగు వ్యాకరణంలోనే సామగ్రి ఉంది. రెండు మూడు ఉదాహరణలు చెబుతాను. ప్రిపొజిషను అంటే ముందు ఉంచబడేది. తెలుగులో అది పేరుకు వెనక వస్తుంది. మనం 'బల్లమీద' అంటాం, 'మీద బల్ల' అనం. ఈ ఒక్క తేడా చెబితే పిల్లవాడు ఆ మాటలోని 'ప్రి' ఎందుకున్నదో జన్మలో మరచిపోడు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్న వాక్యానికి ఇంగ్లీషులో వాడే క్రియను 'సింపుల్ ప్రెజెంట్' అంటారు. పిల్లవాడు వర్తమానమనుకొని, ఇప్పుడు జరిగే పనికంతా ఆ రూపమే వాడతాడు. అది వర్తమానం కాదు, స్వభావం చెప్పే క్రియ. దానికి మన వ్యాకరణంలో ఏనాడో పేరుంది: తద్ధర్మార్థకం. చిన్నయసూరి భూత భవిష్యద్వర్తమానాలతోపాటు దీన్ని వేరుగా లెక్కించాడు. ఇంగ్లీషు పుస్తకాలు సరిగా పేరు పెట్టలేనిదానికి తెలుగు పేరు సరిగా సరిపోతున్నది.

ఛందస్సు సంగతి ఇంకా విచిత్రం. గ్రీకు లాటిను ఛందస్సులు మన ఛందస్సులాగే గురు లఘువులమీద నడిచాయి. అయాంబ్ అంటే లఘువు తరవాత గురువు - మన వగణం. ట్రోకీ మన హగణం. డాక్టిల్ భగణం, అనపీస్ట్ సగణం. ఇంగ్లీషు పద్యం నడిచేది గురు లఘువులమీద కాదు, ఊనికమీద. పేర్లు మాత్రం పాతవే. థామస్ కాంపియన్ 1602లో ఇంగ్లీషు పద్యాన్ని నిజంగానే గురు లఘువుల్లో నడపాలని వాదించాడు; ఇంగ్లీషు చెవి ఒప్పుకోలేదు. గణాలు తెలిసిన మన విద్యార్థికి, గురువు ఉన్నచోట ఊనిక అనుకో అని ఒక్క మాట చెబితే చాలు.

అలంకారాల దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. సిమిలీ ఉపమ అనటానికి అంతగా ఆక్షేపణ లేదు. మెటఫర్ రూపకమని ఊరుకుంటే చాలదు. ఉపమేయం మాటలో కనిపించకుండా ఉపమానమే నిలిచినచోట మనవారు రూపకాతిశయోక్తి అన్నారు. ఇంగ్లీషువారు దాన్నీ మెటఫరే అంటారు. వాళ్ళది పెద్ద బుట్ట, మనవి చిన్న బుట్టలు. ఏది గొప్ప అనే పోటీ వ్యర్థం. రెండు శాస్త్రాలు ఒకే కవిత్వవ్యాపారాన్ని వేరువేరు అవసరాలతో విభజించుకున్నాయి, అంతే.

పరిభాష శాశ్వతం కాదని ఇంగ్లీషు పండితులే నిరూపించారు. అమెరికాలో చార్లెస్ ఫ్రీజ్ 1952లో ప్రకటించిన గ్రంథంలో, సుమారు 50 గంటల టెలిఫోను సంభాషణలు ఆధారంగా పెట్టుకొని, నౌను, వెర్బు అనే పేర్లనే పక్కకు నెట్టి, మాటలను 4 వర్గాలుగా, 15 గుంపులుగా విభజించి అంకెలూ అక్షరాలూ తగిలించాడు. ఆ అంకెలు బళ్ళలో నిలవలేదు. కాని జనం నోటి మాటే ప్రమాణమన్న సూత్రం నిలిచింది. ఇంకొకవైపు ఇంగ్లండులో 2013నుంచి 10, 11 ఏళ్ళ పిల్లలకు వ్యాకరణ పరీక్ష పెట్టారు. వాక్యం మొదట వచ్చే క్రియావిశేషణానికి 'ఫ్రంటెడ్ ఆడ్వెర్బియల్' అనే పేరు వల్లె వేయవలసివచ్చేసరికి తల్లిదండ్రులూ రచయితలూ గగ్గోలు పెట్టారు. మంత్రం మళ్ళీ వచ్చింది.

మన దగ్గర ఈ ప్రశ్న ఇప్పుడు మరింత పదునెక్కింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బళ్ళలో ఇంగ్లీషు మాధ్యమానికి ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టివేసింది. తెలంగాణ ప్రభుత్వ బళ్ళు 2022-23నుంచి 1 మొదలు 8వ తరగతి వరకు ఆ దారి పట్టాయి. మాధ్యమం ఏది ఉండాలన్న వాదం పెద్దది. దాన్ని ఇక్కడ తేల్చబోవటం లేదు. ఏ మాధ్యమమయినా కూలివాడి బిడ్డ ఇంగ్లీషు నేర్చుకోక తప్పని స్థితి వచ్చింది. ఆ బిడ్డకు మనం మంత్రం ఇస్తామా, పనిముట్టు ఇస్తామా అన్నదే నా ప్రశ్న.

పరిభాష వద్దనేవారితో నేను ఏకీభవించను. పేరు లేని పనిముట్టును ఒకరినొకరు అందుకోలేరు. వ్యాకరణం నేర్పకుండా వదిలేస్తే, ఇంట్లో నేర్చుకునే వసతి ఉన్నవాడికే భాష దక్కుతుంది. అదే సమయంలో, నిర్వచనాలు వల్లె వేయించటమే వ్యాకరణమనేవారితోనూ ఏకీభవించను. సంజ్ఞ చెప్పేటప్పుడు దాని పుట్టుక చెప్పాలి. తెలుగులో దానికి సరిపోయేదేదో, సరిపోనిదేదో చెప్పాలి. వెంటనే పిల్లవాడి చేత ఒక వాక్యం రాయించాలి. అందుకు తెలుగు చెప్పేవారూ ఇంగ్లీషు చెప్పేవారూ ఒక బల్ల దగ్గర కూచోవాలి. రెండు భాషల పరిభాషను పక్కపక్కన పెట్టి, చరిత్రతో సహా వివరించే చిన్న పుస్తకం ఒకటి మన పిల్లలకు కావాలి. కాబెట్ తన కాలపు దున్నే కుర్రాళ్ళకు ఒంటిచేత్తో చేసిన పనిని మన కాలపు పిల్లలకు ఉమ్మడిగా చేయటం మన శక్తికి మించిన పని కాదు.